గుడ్లు పెట్టలేక అవస్థపడుతున్న ఊసరవెల్లి

ప్రశ్న: మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. మా యెమెన్ జాతి ఆడ ఊసరవెల్లి పొట్ట ఉబ్బి, తిండి మానేసి, పంజరం అడుగున గోకుతూ తిరుగుతోంది. మగదానితో ఎన్నడూ కలపలేదు. ఏమై ఉంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇవి గుడ్లు పెట్టబోయే లక్షణాలే కావచ్చు. పుంజు లేకపోయినా కోడిపెట్ట గుడ్డు పెట్టినట్లే, ఈ జాతి ఆడవి జతకట్టకుండానే పదుల సంఖ్యలో గుడ్లు పెడతాయి. తగిన చోటు దొరకకపోతే అవి లోపలే నిలిచిపోయి ప్రాణాంతకం కావచ్చు.

కనీసం 30 సెంటీమీటర్ల లోతున తడి ఇసుక, మట్టి కలిపి నింపిన తొట్టిని ఈరోజే లోపల పెట్టండి. వేలితో బొరియ చేసి చూస్తే అది కూలకుండా నిలవాలి, అలాగని అడుగున నీరు చేరకూడదు. పంజరం చుట్టూ గుడ్డ కట్టండి. మనుషులు చూస్తున్నారని తెలిస్తే తవ్వడం మధ్యలోనే ఆపేస్తుంది.

పగలు కళ్లు మూసుకుంటున్నా, కళ్లు లోపలికి పీక్కుపోయినా, కొమ్మపై పట్టు సడలినా తొట్టి మీద ఆశ పెట్టుకుని ఆగవద్దు. సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యులు ఎవరున్నారో హెబ్బాళలోని పశువైద్య కళాశాలలో వాకబు చేసి వెంటనే తీసుకువెళ్లండి. ఎక్స్‌రే చూశాక వారు కాల్షియం, ఆక్సిటోసిన్ (గుడ్లను బయటకు నెట్టడానికి తోడ్పడే హార్మోన్) ఇంజక్షన్లు ఇవ్వాలో, శస్త్రచికిత్స చేయాలో నిర్ణయిస్తారు. ఇంట్లో పొట్ట నొక్కడం మాత్రం దయచేసి చేయకండి, లోపల గుడ్డు చితికిపోవచ్చు.

కోలుకున్నాక మేత తగ్గించండి. అతిగా తినిపిస్తే గుడ్ల సంఖ్య పెరుగుతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు దాదాపుగా ఉండవు కాబట్టి, కాల్షియం ఒంటపట్టడానికి యూవీబీ దీపం తప్పనిసరి.