హెంప్ గింజల ప్యాకెట్ గురించి రమ్యకి పెద్దమ్మ ఉత్తరం

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చి.ల.సౌ. రమ్యకి పెద్దమ్మ దీవెనలు.

ఫోన్లో చెప్తే సగం వింటావు, విన్నదాంట్లో సగం మర్చిపోతావు. అందుకే రాసి పంపిస్తున్నాను. జిమ్‌లో ఎవరో చెప్పారని పావుకిలో హెంప్ గింజలు కొన్నావు, మీ అత్తగారు చూసి "గంజాయి గింజలు ఇంట్లోకి తెస్తావా" అని గోల పెట్టారు, ప్యాకెట్ విప్పకుండా అలాగే ఉంచావు. ఇదేగా సంగతి? ముందు ఆవిడతో వాదన పెట్టుకోకు. ఆవిడ అన్నది పూర్తిగా తప్పేం కాదు.

రెండూ ఒకే మొక్క జాతి. మత్తు కోసం పెంచే రకంలో టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం ఎక్కువ ఉంటుంది. నార కోసం, గింజ కోసం పెంచే రకంలో అది నామమాత్రం. ఆ టీహెచ్‌సీ కూడా ఉండేది పూతలో, ఆ పూతకి పట్టే జిగురులో. గింజ లోపల దాదాపు ఉండదు. గింజకి అంటుకున్నదేదైనా ఉంటే అది పైనుంచి వచ్చిన జిగురే. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా పూత లేకుండా విడిగా ఉన్న గింజని గంజాయి కింద లెక్కెయ్యలేదు. 2021 చివర్లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే మన కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాళ్ళు, ఈ గింజని, దాని నూనెని, పిండిని ఆహారంగా ఒప్పుకున్నారు. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు దాటకూడదని షరతు పెట్టారు. కాబట్టి ప్యాకెట్ వెనక 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడు. ఉంటే అత్తగారికి చూపించు. లేకపోతే చెత్తబుట్టలో వెయ్యి, డబ్బు పోతే పోయింది.

ఇది విశాఖ కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను. అరకు వెళ్ళినప్పుడో, ఎవరో తెలిసినవాళ్ళ ద్వారానో "అవే గింజలు, చవగ్గా వస్తాయి" అని ఎవరైనా సంచిలో పోసి ఇస్తే ముట్టుకోకు. మన్యంలో దొరికేది నార రకం కాదు, మత్తు రకం. ఆ గింజల్లో పూత ముక్కలు కలిసి ఉంటాయి, ఒంటికీ మంచిది కాదు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెక్‌పోస్టులో బ్యాగ్ తీసి చూస్తే చెప్పుకోవడానికి నీ దగ్గర బిల్లూ ఉండదు. అలాగే పిల్లలు సరదా పడ్డారని నాలుగు గింజలు కుండీలో వెయ్యకు. అనుమతి లేకుండా ఆ మొక్క పెంచడం నేరం, బాల్కనీలో ఒక్కటి పెంచినా సరే.

పేర్ల గోల కూడా ఒకటుంది. హెంప్‌ని తెలుగులో "జనపనార" అని రాసేస్తున్నారు. మనవైపు జనపనార అంటే గోనెసంచులు గుర్తొస్తాయి. మన భీమిలి చుట్టూ పండించిన గోగునారకి ప్రపంచ మార్కెట్లో "బిమ్లి జూట్" అనే పేరు. ఆ గోగు ఆకు గంజాయి ఆకులా చీలికలుగా ఉంటుందని దాని శాస్త్రీయ నామంలోనే "కన్నాబినస్" అని పెట్టారు. చుట్టరికం మాత్రం ఏమీ లేదు, అది గోంగూర వంశం. ఇక జనుము వేరే. పొలంలో పచ్చిరొట్ట ఎరువుకి వేస్తారు చూడు, అది. మా పక్కింటావిడ ఎక్కడో "జనపనార గింజల్లో ప్రొటీన్" అని చదివి, విత్తనాల కొట్టుకి మనిషిని పంపి కిలో జనుము విత్తనాలు తెప్పించుకుంది. వేయించి పొడి కొట్టబోతుంటే నేను చూశాను కాబట్టి సరిపోయింది. జనుము గింజలో కాలేయాన్ని పాడుచేసే పదార్థాలుంటాయి. పైగా విత్తనాలకి మందు కలిపి అమ్మడం మామూలే. కాబట్టి ఎవరికైనా చెప్పేటప్పుడు "హెంప్ గింజలు" అనే చెప్పు. తెలుగు చెయ్యాలని తాపత్రయపడకు.

ఇక అసలు విషయం, అందులో ఏముంది అన్నది. నీ ప్యాకెట్లో ఉన్నవి పొట్టు తీసిన గింజలని ఫోటో చూస్తేనే తెలుస్తోంది, తెల్లగా మెత్తగా ఉన్నాయి. వంద గ్రాముల్లో ప్రొటీన్ 31 గ్రాముల పైన, కొవ్వు 49 గ్రాముల దాకా, కేలరీలు 550. చూశావా, సగానికి సగం నూనె. "బరువు తగ్గడానికి" అని ఎవరైనా గిన్నెడు తినమంటే నవ్వి ఊరుకో. నేను తినమనేది రోజుకి రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 20 గ్రాములు. దాంట్లో ప్రొటీన్ ఆరు గ్రాములు, ఒక కోడిగుడ్డుతో సమానం. కేలరీలు 110. నీ బరువు 55 కిలోలు అనుకుంటే, కిలోకి 0.83 గ్రాముల లెక్కన రోజుకి 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. ఈ రెండు చెంచాలు అందులో ఏడో వంతు కూడా కాదు. మిగతాది పప్పు, పెరుగు, గుడ్డు, చేపల నుంచే రావాలి.

గుడ్డుతో సమానం అన్నాను గానీ, అది తూకంలోనే. ఈ ప్రొటీన్ తేలిగ్గా అరుగుతుంది, అందులో ఎక్కువ భాగం ఎడెస్టిన్ అనే రకం. కానీ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటు పూడ్చేది మన కందిపప్పూ పెసరపప్పూ. అందుకే నేను ఈ గింజల్ని ముద్దపప్పు అన్నం మీద చల్లుకుని తింటాను. నెయ్యి కాస్త తగ్గిస్తాను, ఆ కొవ్వు ఇక్కడ వచ్చేస్తుంది కాబట్టి.

నాకు నిజంగా నచ్చింది ప్రొటీన్ కాదు, మెగ్నీషియం. వంద గ్రాముల్లో 700 మిల్లీగ్రాములు. రెండు చెంచాల్లో 140. పాలిష్ పట్టిన బియ్యం తిని తిని మనకి తగ్గిపోయేది సరిగ్గా అదే. జింక్ కూడా బాగానే ఉంది, వందకి 10 మిల్లీగ్రాముల దాకా. ఇనుము 8, కాకపోతే మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, పక్కన నిమ్మకాయ పిండుకోవాలి.

కాల్షియం దగ్గర మాత్రం నేనే ఒకసారి తప్పు చెప్పాను. ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేసి రిటైరయ్యాక మా కాలనీ మహిళా సంఘంలో ఈ గింజల గురించి మాట్లాడుతూ "ఎముకలకి కాల్షియం" అనేశాను. ఇంటికొచ్చి పోషకాల పట్టిక తీసి చూస్తే పొట్టు తీసిన హెంప్‌లో వందకి 70 మిల్లీగ్రాములే. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 970 పైన. మర్నాడు వెళ్ళి తప్పు దిద్దుకున్నాను, సిగ్గుగానే అనిపించింది. అంచేత పిల్లలకి చేసే నువ్వుల చిమ్మిలి మానేసి దీని వెంట పడకు. చోడి (రాగి) అంబలి ఉంది కదా, అందులో కాల్షియం పుష్కలం, ప్రొటీన్ తక్కువ. ఈ గింజలో ప్రొటీన్ ఉంది, కాల్షియం తక్కువ. పొద్దున్నే మజ్జిగ కలిపిన చోడి అంబలిలో ఒక చెంచా వేసుకుంటే రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. నా ఫలహారం ఈ మధ్య అదే.

ఒమేగా 3 సంగతి మీ జిమ్ అమ్మాయి తెగ చెప్పిందన్నావు. ఉంది, నిజమే. దీని నూనెలో ఒమేగా 6, ఒమేగా 3 దాదాపు మూడుకి ఒకటి పాళ్ళలో ఉంటాయి. మనం వంటకి వాడే పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా 3 లేనట్టే, దాంతో పోలిస్తే ఇది ఎంతో నయం. కానీ గింజలో ఉండే ఒమేగా 3ని చేపలో ఉండే రకంగా మార్చుకోవడం మన ఒంటికి కొద్దిగానే చేతనవును. మీ ఇంట్లో వారానికి రెండుసార్లు ఫిషింగ్ హార్బర్ నుంచి కవళ్ళో కానాగడతలో, ఏవో చేపలు వస్తాయి. అవి తినేవాళ్ళు ఒమేగా కోసమని ఈ గింజ కొననక్కర్లేదు. మీ అత్తగారు చేప ముట్టరు కాబట్టి లాభం ఏదైనా ఉంటే ఆవిడకే. అది కూడా ఒక్క ఒమేగా 3 కోసమే అయితే అవిసె గింజల పొడి ఇంకా ఎక్కువ ఇస్తుంది, ధర కూడా తక్కువ.

ఇప్పుడు ఇంట్లో ఎవరెవరికి వద్దో చెప్తాను, ఇది జాగ్రత్తగా చదువు.

మీ మామగారికి వద్దు. ఆయనది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుందని, అంటే కిడ్నీ సరిగా పనిచెయ్యడం లేదని, మందులు వాడుతున్నారు. ఈ గింజలో ఫాస్ఫరస్ వందకి 1650 మిల్లీగ్రాములు, పొటాషియం 1200. కిడ్నీ బాగున్నవాళ్ళకి అది బలం, ఆయనకి భారం. "ఆరోగ్యానికి మంచిదట" అని ప్రేమతో ఆయన పెరుగన్నంలో కలపకు. నేను చేసిన ఉద్యోగంలో ఎక్కువగా చూసింది ఇలాంటి ప్రేమలే. ఆయన డాక్టరుగారు ఒప్పుకుంటే తప్ప చెంచా కూడా వద్దు.

అల్లుడుగారు వచ్చే నెల ఓడ ఎక్కాలి కదా, అప్పటిదాకా ఆయనకీ వద్దు. ఎక్కేముందు మెడికల్‌లో డ్రగ్ టెస్ట్ ఉంటుంది. శుభ్రం చేసి, పొట్టు తీసిన గింజలు రెండు చెంచాలు తింటే పట్టుబడతారని నేననడం లేదు. అయితే 1990లలో అప్పటి హెంప్ నూనె తాగినవాళ్ళకి మూత్ర పరీక్షలో పాజిటివ్ వచ్చినట్టు వైద్య పత్రికల్లో రాశారు. ఇప్పటి సరుకు శుభ్రంగానే ఉంటుంది. అయినా ఆరునెలల కాంట్రాక్టు చెంచా గింజల మీద పణంగా పెట్టడం దేనికి? ఆయన టెన్షన్ పడే మనిషి కూడాను. ఆ నెల రోజులూ వేరుశనగపప్పులు పెట్టు, వాటిలో కూడా వందకి 25 గ్రాముల ప్రొటీన్ ఉంది.

రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడగాలి. పిల్లలకి అర చెంచాతో మొదలుపెట్టు, ఒళ్ళు దద్దురులు రాకపోతే, కడుపు బాగుంటే కొనసాగించు. అంతకంటే దాని గురించి బెంగ అక్కర్లేదు.

వాడే పద్ధతిలో నేను రెండు ప్యాకెట్లు పాడుచేసి నేర్చుకున్నది చెప్తాను. మొదటిదాన్ని నువ్వుల్లాగే బాణలిలో వేయించి, ఎండుమిర్చి వేసి పొడి కొట్టాను. నువ్వుకి పొట్టు ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. పొట్టు తీసిన హెంప్ తట్టుకోలేదు, క్షణంలో మాడి చేదెక్కింది. రెండో ప్యాకెట్‌ని గ్యాస్ స్టవ్ పైన అలమరలో పెట్టాను. ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారే ఊరు మనది. పైన వేడి, చుట్టూ సముద్రపు చెమ్మ. నెల తిరిగేసరికి పాత పెయింటు డబ్బా వాసన. ఆ నూనె గాలికి, వెలుతురుకి, వేడికి త్వరగా చెడిపోతుంది. విప్పిన వెంటనే గాజు సీసాలో పోసి బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, తడి చెంచా పెట్టకు. నెలన్నరలో అవగొట్టు. నాలిక మీద వేసుకుంటే పైన్ గింజల్లా, జీడిపప్పుకి దగ్గరగా కమ్మగా ఉండాలి. గొంతులో గరగరమంటే పారెయ్యి.

వేయించకూడదన్నాను గానీ, చార్‌ధామ్ యాత్రకి వెళ్ళినప్పుడు ఉత్తరాఖండ్ కొండల్లో వేయించిన గింజలతోనే చట్నీ తిన్నాను. వాళ్ళకిది తరాల నాటి వంట. పొట్టుతో ఉన్న గింజల్ని సన్నని సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, జీలకర్ర, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి రాతి మీద నూరారు. వేడి రొట్టెతో భలే ఉంది. వాళ్ళు ఏ పూటకాపూట నూరుకుంటారు, నిలవ పెట్టరు. అదీ రహస్యం. పొట్టు గింజ దొరికినప్పుడు అలా చెయ్యి. నీ దగ్గరున్న తెల్లవాటితో అయితే మామూలుగా కొత్తిమీర పచ్చడి చేసుకుని, దింపి చల్లారాక రెండు చెంచాలు వేసి ఒక్క తిప్పు తిప్పు. పెసరట్టుతో పిల్లలు అడిగి మరీ తింటారు. పోపులో మాత్రం వెయ్యకు.

ధర చూస్తే నాకింకా గుండె పట్టుకుంటుంది, నువ్వుల ధరకి ఎన్నో రెట్లు. కొన్నావు కాబట్టి హాయిగా తిను. అయిపోయాక మళ్ళీ కొనాలా వద్దా అన్నది అప్పుడు చూద్దాం. గుమ్మడి గింజలు కూడా ప్రొటీన్‌లో, మెగ్నీషియంలో దీనికి బాగా దగ్గరగా వస్తాయి, ఎవరూ అనుమానంగా చూడరు.

ఆదివారం వస్తానన్నావుగా, ఆ ప్యాకెట్ విప్పకుండానే పట్టుకురా. తయారు చేసిన తేదీ చూద్దాం, వాసన చూద్దాం. ఖాళీ గాజు సీసా నా దగ్గరుంది, నువ్వు తేనక్కర్లేదు. వచ్చేటప్పుడు రైతుబజార్లో ఒక కట్ట కొత్తిమీర మాత్రం తీసుకో.

మీ పెద్దమ్మ