“నాన్నకు చెప్పు, అన్నం పెట్టానని”

ప్రశ్న: మాది ఖమ్మం. బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. డబ్బు దగ్గర, ఆడపడుచు విషయంలో నాకూ మావారికీ మాట తేడాలొస్తాయి. బాబు ముందు ఎప్పుడూ అరుచుకోలేదు. కాకపోతే ఆ తర్వాత వారం, పది రోజులు మాటలుండవు. అవసరమైతే బాబుతోనే చెప్పిస్తాం. రెండు నెలలుగా వాడు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. బడిలో ఎవరితోనూ కలవట్లేదని, ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే వీడు ఏడుస్తున్నాడని టీచర్ చెప్పారు. వాడి ముందు గొడవే పడనప్పుడు ఇలా ఎందుకు?

జవాబు: అమ్మా, “బాబుతోనే చెప్పిస్తాం” అని మామూలుగా రాసేశారు. నాకు మాత్రం ఆ మాట దగ్గరే గుండె కలుక్కుమంది.

“నాన్నకు చెప్పు, అన్నం పెట్టానని.” “అమ్మకు చెప్పు, నాకు ఆకలి లేదని.” వంటింటికీ హాలుకీ మధ్య ఈ రాయబారం ఏడేళ్లవాడికి చాలా బరువు. ఉన్నమాట ఉన్నట్టు చెబితే అమ్మ మొహం ఎలా మారుతుందో వాడికి తెలుసు. ఈసారి గమనించండి, మీరు విసురుగా అన్నమాటను వాడు కాస్త మెత్తగా మార్చి చెబుతుండవచ్చు. ఇంటిని నిలబెట్టే పని తనదేనని వాడు అనుకుంటున్నాడేమో.

పిల్లలు మాటలు రాకముందే మొహాలు చదువుతారు. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, పసిబిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కాసేపు ఏ భావమూ లేకుండా ఊరికే చూడమన్నారు. బిడ్డలు నవ్వి చూశారు, తల్లిని పలకరించాలని చూశారు. ఆమె పలకకపోయేసరికి కలతపడి మొహం తిప్పేసుకున్నారు. అక్కడ ఎవరూ అరవలేదు. మీ ఇంట్లో అలాంటి మొహాలు రెండు, అదీ పది రోజుల పాటు.

కడుపునొప్పి నటన కాదు. టెన్షన్ పిల్లలకు చాలాసార్లు కడుపులోనే తెలుస్తుంది. తను బడికి వెళ్తే ఇంట్లో ఏమవుతుందో అన్న భయం కూడా ఉండవచ్చు. నిద్రలో నొప్పితో లేస్తున్నా, వాంతులవుతున్నా, బరువు తగ్గుతున్నా మాత్రం డాక్టర్‌కు మళ్లీ చూపించండి.

ఇక బడి సంగతి. పిల్లలు కొట్టుకుంటారు, పావుగంటలో మళ్లీ కలిసి ఆడుకుంటారు. మీవాడికి ఆ రెండో సగం తెలియదు. ఇంట్లో మాటలు ఆగిపోవడం చూశాడు, ఒకరోజు మళ్లీ మొదలవడం చూశాడు. మధ్యలో మీరెలా కలిశారో ఎప్పుడూ చూడలేదు. అందుకే ఎక్కడ గొడవ మొదలైనా వాడికి అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. పిల్లలపై తల్లిదండ్రుల గొడవల ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన మార్క్ కమింగ్స్ గమనించింది కూడా ఇదే. పెద్దలు రాజీపడటం చూసిన పిల్లల్లో కలత బాగా తగ్గుతుంది. చాటుగా సర్దుకున్నా, ఆ సంగతి తర్వాత పిల్లలకు చెబితే మేలే.

కాబట్టి ఈరోజు నుంచే రాయబారాలు మానండి. నోటితో చెప్పలేకపోతే ఫోన్‌లో మెసేజ్ పెట్టుకోండి, బాబును మాత్రం పంపకండి. తర్వాత ఇద్దరూ వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, “కన్నా, మా ఇద్దరికీ కోపాలొచ్చాయి. అది నీ వల్ల కాదు. మేమే మాట్లాడుకుని సర్దుకుంటాం” అని చెప్పండి. ఇంకెప్పుడూ గొడవపడబోమని మాత్రం మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు.

డబ్బు, ఆడపడుచు విషయాలు ఈ ఒక్క ఉత్తరంతో తేలవు. వాటికి మీ ఇద్దరూ కౌన్సెలర్ దగ్గరకు వెళ్లడం మంచిది. ఇంట్లో పరిస్థితి టీచర్‌కు క్లుప్తంగా చెప్పండి. ఆదివారం వాడి ఈడు పిల్లాణ్ని ఒక్కణ్నే ఇంటికి ఆడుకోవడానికి పిలవండి, గుంపు వద్దు. నెల గడిచినా మార్పు లేకపోతే పిల్లల సైకాలజిస్టును కలవండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ముందు ఎవరు పలకరించాలన్న పంతం మీ ఇద్దరికీ ఉండే ఉంటుంది. ఉత్తరం రాసింది మీరు కాబట్టి మీకు చెబుతున్నాను, తప్పు మీదని కాదు. ఈ రాత్రి అన్నం పెట్టి మీవారిని మీరే పిలవండి, బాబుకు వినపడేలా.