స్వరం అంటే గొంతా, అచ్చా, సరిగమా?

సందేహం: మా పాప హిందీ పుస్తకంలో స్వరాలంటే అ, ఆ, ఇ, ఈలు. సంగీతం టీచరేమో స్వరాలు ఏడే అంటారు. పేపర్లలో 'ఆయన స్వరం మార్చారు' అని రాస్తారు. ఏది సరైన అర్థం? గొంతుకు స్వరం అనడం తప్పా?

సమాధానం: తప్పు కాదు. 'స్వృ' ధాతువుకు శబ్దం చేయడమని అర్థం. మిగతావన్నీ దాని కొమ్మలే. 'స్వయం రాజంతే ఇతి స్వరాః' అన్నాడు వ్యాకరణ పండితుడు పతంజలి. వేరే అక్షరం ఆసరా లేకుండా తమంతట తాము పలికేవి కాబట్టి అచ్చులకు ఆ పేరు. మనకు 'అచ్చు' అన్న మాటే ఎక్కువ అలవాటు. అది సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని అచ్చులన్నిటికీ కలిపి వాడిన 'అచ్' అన్న పొట్టి పేరు నుంచి వచ్చింది. పుస్తకాల అచ్చుకూ దీనికీ చుట్టరికం లేదు! సంగీత స్వరాల సంగతి అమరకోశం ఒక్క ముక్కలో తేల్చింది: 'తంత్రీకంఠోత్థితాః', అంటే తీగ నుంచీ కంఠం నుంచీ పుట్టేవి.

మీరు అడగని అర్థం ఇంకొకటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. తెలుగు లిపిలో అచ్చయిన వేదం పుస్తకం తెరిస్తే కొన్ని అక్షరాల కింద అడ్డగీత, కొన్నిటి మీద నిలువుగీత కనిపిస్తాయి. కింది గీత అనుదాత్తం, పై గీత స్వరితం, మామూలుగా ఏ గీతా లేనిది ఉదాత్తం. పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలను చెప్పే వీటినీ స్వరాలే అంటారు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని దేవశిల్పి త్వష్ట హోమం చేస్తూ 'ఇంద్రశత్రుః' అన్నాడట. ఉదాత్తం చివర పడితే ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం. మొదట పడింది, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడని అర్థం మారిపోయింది. ఆ హోమంలో పుట్టిన వృత్రుడికి జరిగిందీ అదే. అక్షరం ఒక్కటీ మారలేదు, స్వరమే మారింది. తెలుగులో మాటకు ఇలాంటి కట్టుబాటు లేదు. కానీ 'వచ్చాడు' అన్నదాన్నే చివర సాగదీసి ప్రశ్నగా అడుగుతాం కదా, ఆ విరుపు పేరు కాకువు.

గొంతుకు, స్వరానికి ఒక్క తేడా ఉంది. గొంతు అవయవం కూడా. గొంతు నొప్పి అంటాం, స్వరం నొప్పి అనం. గొంతు బొంగురుపోయినా, స్వరం బొంగురుపోయినా మాత్రం ఒకటే.

ఇక పేపర్ల 'స్వరం మార్చారు'. నిన్న కాదన్నదాన్ని ఇవాళ అవునంటే అది మాట మార్చడమే, అలాగే రాయాలి. అదే మాటను మెత్తగానో గట్టిగానో అంటేనే స్వరం మార్చినట్టు.