ఎం.ఏ. ఇంగ్లిష్‌తో విదేశాల్లో టీచింగ్: ఏజెంటుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మీరు తిరుపతిలో ఉంటున్నారు, ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్ చేశారు, ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతున్నారు. ‘శని, ఆదివారాల్లో ఆన్‌లైన్ టెఫ్ల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ చెప్పే శిక్షణ) కోర్సు చేస్తే కొరియాలో ఉద్యోగం గ్యారంటీ’ అని ఒక ఏజెంటు అంటున్నాడు, డబ్బు కట్టొచ్చా అని అడిగారు. కట్టకండి. కొరియాలో ఇంగ్లిష్ చెప్పడానికి ఇచ్చే ఇ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులున్న వాళ్లకే దొరుకుతుంది. మన పాస్‌పోర్టు చూసి కూడా గ్యారంటీ అంటున్నాడంటే, ఆ మనిషితో ఇక మాట్లాడాల్సిన పని లేదు.

నాది చిత్తూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత ఒమన్‌లో ఒక కాలేజీలో, డిగ్రీకి ముందు పిల్లల్ని తయారుచేసే ఫౌండేషన్ విభాగంలో కొన్నేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, మనవాళ్లకు ఈ వృత్తిలో చోటుంది. అయితే ముందు పాఠం చెప్పే పద్ధతిని గట్టిగా నేర్చుకోవాలి, దేశం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

సర్టిఫికెట్ ఏదైనా ఒకటే అనుకోవద్దు. వీడియోలు చూసి ప్రశ్నలకు టిక్కులు పెట్టే కోర్సులో మీ పాఠాన్ని ఎవరూ చూడరు. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా (ఇంగ్లిష్ టీచర్లకు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్) అలా కాదు. కనీసం 120 గంటల కోర్సు, నాలుగు రాత అసైన్‌మెంట్లు, రెండు స్థాయుల విద్యార్థులకు కలిపి ఆరు గంటల బోధన. మీరు చెబుతున్నంతసేపూ ట్యూటర్ క్లాసులో వెనక కూర్చుని రాసుకుంటుంటారు. పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాల్లో అయిపోతుంది, పార్ట్‌టైమ్‌గా ఆన్‌లైన్లోనూ చేయొచ్చు. ఫీజు లక్ష దాటుతుంది, మనలాంటి ఇళ్లలో అది చిన్న మొత్తం కాదని తెలుసు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సర్ట్ టీసాల్ అనే ఇలాంటి కోర్సుకూ ఇంచుమించు ఇదే విలువ. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లో దూరవిద్యలో చేసే పీజీసీటీఈ (ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్) చవక, దానితో బోధనాశాస్త్రం బాగా వస్తుంది. కానీ విదేశీ ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా పేరు పెట్టి అడిగేది సెల్టానే.

ఆ ఆరు గంటల్లో ఏం నేర్పుతారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర బి.ఇడి. చేసినవాళ్లలో కూడా చాలామందికి ఇది కొత్త. మన స్కూళ్లలో ‘అర్థమైందా?’ అంటే క్లాసంతా ‘ఎస్ మేడమ్’ అంటుంది. సెల్టాలో ఆ ప్రశ్న అడగనివ్వరు. ‘ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ చిత్తూర్’ అనే వాక్యం చెప్పారనుకోండి. ఇంతకుముందు చిత్తూరులో ఉన్నాడా, ఇప్పుడున్నాడా, ఒక్క రోజా చాలాకాలమా అని చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి. పిల్లవాడి జవాబును బట్టి వాడికి పట్టుబడిందో లేదో అక్కడే తేలిపోతుంది. అలాగే గ్రామర్ సూత్రం బోర్డు మీద రాసి అరగంట వివరించడం కుదరదు. టీచర్ ఎంతసేపు మాట్లాడింది, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారు అని లెక్క చూస్తారు. ఇదంతా పుస్తకం చదివితే వచ్చేది కాదు, ఒకరు చూసి చెబితేనే వస్తుంది.

ఉచ్చారణ గురించి టెన్షన్ వద్దు. అమెరికన్‌లా మాట్లాడమని ఎవరూ అడగరు. కానీ ‘ఎగ్’ను ‘యెగ్’ అనడం, ‘స్కూల్’కు ముందు ‘ఇ’ చేర్చడం, మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో చూసుకోకపోవడం మనలో చాలామందికి ఉన్న అలవాట్లే, వాటిని ఇప్పటి నుంచే సరిచేసుకోండి. ఒమన్‌లో నా విద్యార్థులకు ‘ప’ కారం పలకదు, ‘పార్కింగ్’ను ‘బార్కింగ్’ అనేవారు. ఇంగ్లిష్‌ను కష్టపడి నేర్చుకున్న మనకు, ఆ పిల్లలు ఎక్కడ ఆగిపోతారో ఇట్టే తెలిసిపోతుంది. అది మనకున్న నిజమైన బలం.

సెల్టా ప్రధానంగా పెద్దవాళ్లకు చెప్పడం గురించే. మీకు పిల్లలతోనే అలవాటు కాబట్టి, కోర్సుకు ముందే తిరుపతిలో ఒక చిన్న గుంపును పట్టుకోండి. లాడ్జీలు, హోటళ్లలో రిసెప్షన్‌లో పనిచేసే కుర్రవాళ్లకు ఉత్తరాది నుంచి, విదేశాల నుంచి వచ్చే భక్తులతో రోజూ ఇంగ్లిష్ అవసరం పడుతుంది. వారానికి రెండు సాయంత్రాలు ఉచితంగా చెప్పండి. గది ఖాళీ లేదని మర్యాదగా చెప్పడం, దర్శనం టికెట్ గురించి వివరించడం, ఇలాంటివే పాఠాలు. సెల్టా ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కూడా పనికొస్తుంది.

ఇక దేశాలు. గల్ఫ్ కాలేజీల్లో ఎం.ఏ., బోధనానుభవం, సెల్టా ఉంటే మనవాళ్లను తీసుకుంటారు. అయితే ఒమన్‌లో స్థానికులకే ఉద్యోగాలిచ్చే విధానం ఉంది కాబట్టి అక్కడే స్థిరపడిపోతామనుకోవద్దు. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లకైతే బి.ఇడి. ముఖ్యం. వియత్నాంలో డిగ్రీ, బోధన సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ ఉంటే వర్క్ పర్మిట్‌కు దారి ఉంది. టూరిస్టు వీసా మీద వెళ్లి చెబుతూ ఉండమని ఎవరన్నా ఒప్పుకోకండి, పట్టుబడితే పంపించేస్తారు.

కాగితాల పని ఇవాళే మొదలుపెట్టండి. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకున్నవాళ్లు మనలో ఎక్కువ. యూనివర్సిటీలో ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) అప్లై చేయండి. తర్వాత పదో తరగతి మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరు చూడండి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, అటెస్టేషన్ దగ్గర కొర్రీ పెడతారు. డిగ్రీకి రాష్ట్రస్థాయి ధ్రువీకరణ, ఆ పైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం అసలుదేనని వేరే దేశాలు ఒప్పుకునే ముద్ర) కావాలి. యూఏఈకి అయితే విదేశాంగ శాఖ అటెస్టేషన్ మీద వాళ్ల ఎంబసీ ముద్ర కూడా పడాలి. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది.

ఏజెంటు ద్వారానే వెళ్లాలనుకుంటే విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ పోర్టల్లో అతని రిజిస్ట్రేషన్ చూడండి. చట్టప్రకారం తీసుకోదగిన సేవా రుసుము రూ. 30,000, దానిపై జీఎస్టీ, అంతే. ఒప్పందంలో ఇల్లు, ఏటా విమానం టికెట్, ఆరోగ్య బీమా రాసి ఉన్నాయో లేదో చదవకుండా సంతకం పెట్టొద్దు.

మీ ఎం.ఏ. రెగ్యులరా, దూరవిద్యా? గల్ఫ్‌లో చాలాచోట్ల దూరవిద్య డిగ్రీని ఒప్పుకోరు. బి.ఇడి. ఉందో లేదో కూడా రాయండి, మీకు ముందు ఏది సరిపోతుందో దాన్ని బట్టి చెబుతాను.