బుజ్జికి, పాడిల్‌బోర్డు విషయమై

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పాడిల్‌బోర్డు నువ్వు కొన్నావనీ, సెలవుల్లో స్నేహితులతో కలిసి ముందు కొండల మధ్య ఉన్న సరస్సుల్లోనూ, ఆ తరువాత సముద్రపు అఖాతాల్లోనూ తిరగాలనుకుంటున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. వింటున్నంతసేపూ నాకు గర్వంగా అనిపించింది. ఫోను పెట్టేశాక భయం మొదలైంది. చేతిలో ఒక్క తెడ్డుతో, చప్పుడు లేకుండా, నిలువుకాళ్ల మీద నీటిని దాటిపోవడంలో ఉన్న సుఖం నాకు తెలుసు గనుక వెళ్లవద్దని అననే అనను. అయితే “నాకు ఈత బాగా వచ్చు కదమ్మా, భయమెందుకు?” అని నువ్వు అన్నావట. ఆ ఒక్క మాట నన్ను కూర్చోబెట్టి ఈ ఉత్తరం రాయిస్తోంది.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. సుమారు పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉన్న బోర్డు కొత్తవాళ్లకు నప్పుతుంది. సన్నగా, పొడుగ్గా ఉండేవి వేగంగా పోతాయి గాని వాటి మీద నిలకడ తక్కువ. గాలి నింపే బోర్డయితే తయారీదారు చెప్పినంత ఒత్తిడి, సాధారణంగా పంపు మీది కొలతలో 12 నుంచి 15 పీఎస్ఐ, వచ్చేదాకా పంపు కొట్టు; చేతులు నొప్పి పుట్టాయని మధ్యలో ఆపితే బోర్డు నడుము దగ్గర కుంగి, సరిగా సాగదు. నింపిన బోర్డును ఎండలో వదలకు, లోపలి గాలి వ్యాకోచించి అతుకులు దెబ్బతింటాయి. బోర్డు అడుగున ఉండే రెక్కను, అంటే ఫిన్‌ను, బిగించావో లేదో నీళ్లలో దిగేముందే చూసుకో. తెడ్డు నీ తలకన్నా జానెడు ఎత్తు ఉంటే చాలు. దాని ఆకు బోర్డు ముక్కు వైపు వంగి ఉండేలా పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుని, ఇంత బరువేమిటా అని అలసిపోతారు. పాదాలు బోర్డు మధ్యలో ఉండే హ్యాండిల్‌కు అటూ ఇటూ, మోకాళ్లు కొద్దిగా వంచి, చూపు ఎదుటి ఒడ్డు మీద ఉంచు. కాళ్ల వంక చూస్తే పడతావు.

పడటం ఎలాగూ తప్పదు గనుక, పడి మళ్లీ ఎక్కడం మొదటిరోజే నేర్చుకో. భుజాల లోతు నీటిలో, ఒడ్డు పక్కనే, కావాలని పడు. పడేటప్పుడు బోర్డుకు దూరంగా, వెడల్పుగా పడాలి, తలకిందులుగా కాదు. పక్కనుంచి మధ్యభాగానికి వచ్చి, హ్యాండిల్ పట్టుకుని, కాళ్లను వెనక నీటిపైకి తేల్చి తన్నుతూ, పొట్ట మీద పాకుతున్నట్టు పైకి జారాలి. ఇది బాగా అలసిపోయిన తరువాత కూడా చేయగలిగిన రోజున లోతుకు వెళ్లు. అప్పటివరకు వద్దు.

ఇక లైఫ్ జాకెట్. దీని గురించి నీతో వాదించదలచుకోలేదు, వేసుకోవాలి అంతే. బోర్డు తాళ్ల కింద దోపి ఉంచిన జాకెట్‌ను నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం దాదాపు అసాధ్యం. జాకెట్ వేసుకోకుండా నిలబడే ఈ అలవాటు ఎక్కడనుంచి వచ్చిందో నాకొక ఊహ ఉంది. ఈ క్రీడ పుట్టిల్లు హవాయి. గత శతాబ్దం మధ్యలో వైకీకీ తీరాన సర్ఫింగ్ నేర్పే యువకులు బోర్డు మీద నిలబడి తెడ్డు వేసేవారు, 2000ల మొదట్లో లేయర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటి సర్ఫర్లు దీనిని లోకానికి మళ్లీ చూపించారు. అక్కడి నీరు వెచ్చన, అక్కడివారు అలల్లోనే పెరిగినవారు. వారు నిలబడిన తీరును చూసి, మంచు కరిగి నిండిన సరస్సుల్లో కూడా మనం పొట్టి బట్టలతోనే నిలబడుతున్నాం. అమెరికా తీరరక్షక దళం (కోస్ట్ గార్డ్) 2008లోనే, సర్ఫింగ్ చేసే, ఈత కొట్టే హద్దులు దాటిన పాడిల్‌బోర్డును పడవగానే లెక్కించాలని తేల్చింది. నువ్వు కొన్నది పడవ, బుజ్జీ. పడవ ఎక్కినవాళ్లు తీసుకునే జాగ్రత్తలన్నీ నువ్వూ తీసుకోవాలి.

ఇక గాలి సంగతి. అదంటే నాకు ఎందుకంత భయమో ఇప్పుడు చెబుతాను. ఈ సంగతి అక్కయ్యకు కూడా చెప్పలేదు.

మాతో తిరిగే స్నేహితుడు ఒకడుండేవాడు. మా అందరిలోకీ బలమైన ఈతగాడు. నీలాగే, ఈత వచ్చినవాడికి నీరు ఏం చేస్తుందని అనేవాడు. ఆ రోజు మేం దిగిన అఖాతానికి మూడు వైపులా ఎత్తైన కొండ. ఒడ్డున నీరు ఏమాత్రం కదలకుండా, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంది. కొండ అడ్డుగా నిలవడం వల్లనే నీరు అలా ఉందనీ, గాలి మా తలల మీదుగా దాటిపోయి దూరాన నీటిని తాకుతోందనీ అతను గమనించలేదు. దూరంగా నీటిరంగు ముదిరింది, అక్కడక్కడా తెల్లని నురుగు లేస్తోంది. కానీ గాలి ఒడ్డు నుంచి లోపలికి వీచేటప్పుడు మనకు అలల వీపులే కనిపిస్తాయి, వాటి ముఖం కనిపించదు. అందుకే అవి ఉన్నదానికన్నా చిన్నవిగా తోస్తాయి. మనిషిని బోర్డుకు కట్టి ఉంచే తాడు, లీష్, కాళ్లకు అడ్డు తగులుతోందని అతను సంచిలోనే వదిలేశాడు. లైఫ్ జాకెట్ మాత్రం మేం పోరితే వేసుకున్నాడు. కొండకొన దాటి అవతలి గుహ చూసి వస్తానని బయలుదేరాడు.

వెళ్లేటప్పుడు అతని వేగం చూసి మేమంతా ముచ్చటపడ్డాం. గాలి వీపున తగిలినప్పుడు నిలబడ్డ మనిషి ఒళ్లే తెరచాపలా పనిచేస్తుంది, అతనేమో తన చేతుల బలంతోనే పోతున్నానని నమ్ముతాడు. కొన దాటగానే కొండ చాటు పోయింది. వెనక్కి తిరిగాడు. తెడ్డు వేసినప్పుడల్లా కాస్త ముందుకు రావడం, తెడ్డు ఎత్తగానే అంతకు మించి వెనక్కి జరగడం. అప్పుడే మోకాళ్ల మీద కూర్చోవలసింది. నిలబడే పోరాడాడు, పడిపోయాడు. మనిషి బరువు దిగిన మరుక్షణం ఆ తేలికపాటి బోర్డు తిరగబడి, గాలికి దొర్లుకుంటూ పోయింది. దాని వెంట ఈదాడు. ఎంత ఈదినా అది అతని చేతికి నాలుగు బారల దూరంలోనే ఉన్నట్టు కనిపించేది, అందుకే ఈదుతూనే ఉండిపోయాడు. ఆ ఈతతోనే ఇంకా లోపలికి వెళ్లిపోయాడు.

నేను కొండచాటు అంచున మోకాళ్ల మీద ఉన్నాను. నేనూ వెళితే ఇద్దరం చిక్కుకుంటాం, ఇది స్పష్టంగా తెలుస్తోంది. ఈల ఊదాను, తెడ్డు పైకెత్తి ఊపాను, మళ్లీ ఊదాను. అటుగా వస్తున్న చేపల పడవవాళ్లు చూసి మళ్లించారు. వాళ్లు విసిరిన తాడు అతని అరచేతిలో పడింది గాని వేళ్లు ముడుచుకోలేదు. చివరకు చంకల కింద చేతులు వేసి లాగారు. నీళ్లలో ఉన్నది పావుగంటకు మించదు. ఎండ కాస్తూనే ఉంది, ఒడ్డున పిల్లలు ఆడుకుంటున్నారు. పొడి చొక్కా ఇస్తే గుండీలు పెట్టుకోలేకపోయాడు, నేను పెట్టాను. అంత బలమైన మనిషి గుండీల వంక అలా చూస్తూ నిలబడిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. జాకెట్ వేసుకోకపోయి ఉంటే పడవ వచ్చేదాకా అతను తేలుతూ ఉండేవాడు కాదు.

చలినీరు ఈత వచ్చినవాళ్లను, రానివాళ్లను ఒకేలా చూస్తుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో దీని మీద పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క 1, 10, 1. మొదటి 1 నిమిషం ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి. తరువాత చేతులూ కాళ్లూ మాట వినేది సుమారు 10 నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే చలి ప్రాణం తీయకముందే చేతుల పట్టు తీసేస్తుంది. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కన్నా తక్కువైతే మొదటి నిమిషమే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే తల మునిగి ఉండగా అసంకల్పితంగా ఊపిరి లాగుతాం. కాబట్టి గాలి వెచ్చదనాన్ని చూసి కాదు, నీటి చల్లదనాన్ని చూసి బట్టలు వేసుకో. కొండ సరస్సుల్లో చలినీటిలో ఒంటి వేడిని నిలిపే వెట్‌సూట్ తప్పనిసరి అనే నా ఉద్దేశం.

గాలిని చదవడం నేర్చుకో. వాతావరణ సూచనలో గాలి వేగంతో పాటు దిక్కు కూడా చూడు. ఒడ్డుకు చేరాక చెట్ల చిటారు కొమ్మలను, జెండాలను, దూరాన నీటిరంగును చూడు. కాళ్ల దగ్గరి నీరు ఏమీ చెప్పదు. గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటితే అక్కడక్కడా తెల్లని నురుగు మొదలవుతుంది, 20 దాటితే ఆ నురుగు చాలాచోట్ల కనిపిస్తుంది. వేగం రెట్టింపైతే నీ ఒంటి మీద గాలి తోపు నాలుగు రెట్లు అవుతుంది. మొదటి సంవత్సరం నురుగు కనబడిన రోజున దిగకు. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలి ఉన్న రోజున, అది ఎంత మందంగా ఉన్నా, ఒడ్డును అంటిపెట్టుకునే తిరుగు. బయలుదేరడం ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉండాలి, అలసిపోయిన చేతులతో తిరిగి వచ్చేటప్పుడు అదే నిన్ను తోస్తుంది. కొండ సరస్సుల్లో గాలికి వేళలుంటాయి. ఇటలీలోని గార్డా సరస్సులో తెల్లవారుజామున ఉత్తరం నుంచి పెలేర్, మధ్యాహ్నం దక్షిణం నుంచి ఓరా అనే గాలులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఉదయం నీకు ఎదురైనది మధ్యాహ్నం కూడా అటునుంచే వీస్తుందని లెక్కవేయకు. వెళ్లిన ప్రతిచోటా అక్కడి పడవవాళ్లను అడుగు; అడగడానికి మొహమాటపడవద్దు.

ఇన్ని చేసినా గాలికి చిక్కితే వెంటనే మోకాళ్ల మీదకు దిగు, చాలకపోతే తెడ్డును ఛాతీ కింద పెట్టుకుని బోర్లా పడుకుని చేతులతో ఈదు. బయలుదేరిన చోటికే చేరాలనే పట్టుదల వద్దు, అందిన ఒడ్డు ఏదైనా ఒడ్డే. బోర్డును మాత్రం ఏ పరిస్థితిలోనూ వదలి ఈదకు. నీటిలో నీకు దానికన్నా పెద్ద ఆధారం లేదు, దూరం నుంచి కనబడేది కూడా అదే.

అందుకే లీష్. కదలని నీటిలో చుట్టలుగా ఉండే లీష్‌ను చీలమండకు కట్టుకో. ప్రవాహం ఉన్నచోట, అంటే నది కలిసే చోటైనా, సరస్సు నీరు బయటికి పోయే చోటైనా, చీలమండకు కట్టుకోకూడదు. తాడు దేనికైనా చిక్కుకుంటే వంగి విప్పుకోనివ్వదు. అక్కడ నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో ఊడివచ్చేది వాడాలి. నదికి అడ్డంగా కట్టిన అడ్డుకట్టల దరిదాపులకు అసలే వెళ్లకు. 2021 అక్టోబరు 30న వేల్స్‌లోని హావర్‌ఫర్డ్‌వెస్ట్ దగ్గర పొంగిన నదిలో అడ్డుకట్ట మీదుగా కొట్టుకుపోయి నలుగురు పాడిల్‌బోర్డర్లు మరణించారు. వాళ్లు కూడా సరదాగా తిరిగి రావాలనే బయలుదేరారు.

అఖాతాల్లో గాలికి తోడు ఆటుపోట్లు ఉంటాయి. పోటు నుంచి ఆటుకు సుమారు 6 గంటలు పడితే, మధ్యలోని 2 గంటల్లోనే దాదాపు సగం నీరు కదులుతుంది. ఆ రెండు గంటలూ అఖాతం మూతి దగ్గర ఉండవద్దు, ముఖ్యంగా నీరు బయటికి తీస్తున్నప్పుడు. గాలి దానికి ఎదురుగా వీస్తే అలలు నిటారుగా లేచి బోర్డును నిలవనివ్వవు.

నిన్ను ఇంత కోప్పడుతున్నానని బాధపడకు. చిన్నప్పుడు నడుము లోతు నీళ్లలో నా మెడను వాటేసుకుని వదలనని ఏడ్చిన పిల్లవు, ఒకరోజు నువ్వే వదిలి ఈదుకుంటూ పోయావు. ఆ రోజు నాకు కలిగిన సంతోషమే మొన్న ఫోనులో వింటున్నప్పుడూ కలిగింది. సూర్యోదయానికి ముందే దిగు. గాలి పడి ఉంటుంది, నీటి అడుగు కనిపిస్తుంది, పక్షులు ఇంకా గూళ్ల దగ్గరే ఉంటాయి. వాటికి దూరంగా పో. ఫొటోలు తీసుకునేటప్పుడు కూర్చుని తీసుకో, తీసిన ప్రతిసారీ ఒడ్డు ఎక్కడికి జరిగిందో చూసుకో. అందమైన చోట్ల మనుషులు తేలిపోతున్నామని గమనించరు. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు వెళ్లేముందు బోర్డును, తెడ్డును కడిగి పూర్తిగా ఆరబెట్టు, లేకపోతే ఒకచోటి నాచునూ నత్తగుల్లల పిల్లలనూ మరోచోటికి నువ్వే మోసుకుపోతావు.

మొదటి విహారం ఏ సరస్సులోనో, ఎక్కడ దిగి ఎన్ని గంటలకు ఒడ్డుకు చేరాలనుకున్నావో, ఆ వేళకు రాకపోతే సహాయం పిలవడానికి ఒడ్డున ఎవరుంటారో, వారి ఫోను నంబరు ఏమిటో నాకూ అమ్మకూ రాసి పంపు. నీ ఫోనును నీళ్లు చొరని సంచిలో పెట్టి మెడలో వేసుకో, బోర్డుకు కట్టకు. ఈల జాకెట్‌కే కట్టుకో. నీ స్నేహితుల్లో ఈత రానివారు ఎవరైనా ఉంటే అది కూడా ముందే రాయి, వారి విషయం విడిగా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మావయ్య