శ్వాననిద్ర అంటే తక్కువ నిద్రా?

సందేహం: విద్యార్థికి 'శ్వాననిద్ర' ఉండాలంటారు. మా పెంపుడు కుక్క పగలంతా సోఫా మీద గుర్రుపెడుతుంది. మా వీధికుక్కలూ మధ్యాహ్నమంతా పడుకునే ఉంటాయి. మరి ఈ మాటకు 'తక్కువ నిద్ర' అనే అర్థం ఎలా వచ్చింది? 'కుక్కనిద్ర' అని రాస్తే వైరిసమాసం (సంస్కృత, తెలుగు మాటల్ని కలపకూడని విధంగా కలపడం) అవుతుందా?

సమాధానం: ఆ అర్థం మనం అంటగట్టిందే, విద్యార్థి లక్షణాలు చెప్పే శ్లోకంలో లేదు. 'కాకదృష్టిర్బకధ్యానం శ్వాననిద్రా తథైవ చ' అన్నారు. కాకి ఎంతసేపు చూస్తుంది, కొంగ ఎంతసేపు నిలబడుతుంది అన్నది అక్కడ లెక్క కాదు, ఎలా అన్నదే లెక్క. నిద్రా అంతే. తిండి దగ్గరికి వచ్చేసరికి 'అల్పాహారం' అని కొలత చెప్పారు చూడండి. నిద్రకు ఆ 'అల్ప' తగిలించలేదు. కాబట్టి శ్వాననిద్ర అంటే చటుక్కున మెలకువ వచ్చే నిద్ర.

మా వీధి మలుపులో ఇసుక కుప్ప మీద ఒక కుక్క పడుకుంటుంది. ముక్కు తోకలో దూర్చి మునగదీసుకుని ఉంటుంది. స్కూటర్ స్టాండు వేసిన చప్పుడైతే ముందు ఒక చెవి తిరుగుతుంది, తరవాత ఒక కన్ను తెరుచుకుంటుంది. తెలిసినవాళ్లయితే మళ్లీ మూసుకుంటుంది. మీ కుక్క వెల్లకిలా పడుకుని నిద్రలో కాళ్లాడిస్తుందేమో. దానికి భయం లేదు గనక ఆ ధీమా. అయినా బిస్కెట్ ప్యాకెట్ గలగలమంటే లేవకుండా ఉంటుందా? ఆస్ట్రేలియాలో పెంపుడు కుక్కల్ని రాత్రిళ్లు గమనించి 1993లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎనిమిది గంటల్లో అవి సగటున 23 సార్లు నిద్రపోయి లేచాయి. పదహారు నిమిషాలు నిద్ర, అయిదు నిమిషాలు మెలకువ. రోజు మొత్తం మీద చూస్తే కుక్కలు మనకంటే ఎక్కువే పడుకుంటాయి.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లల్ని ఈ శ్లోకం చెప్పి నాలుగు గంటలకే లేపే ఇళ్లు చాలా చూశాను. పిల్లల నిద్ర చెడగొట్టడానికి ఆ శ్లోకాన్ని సాక్ష్యానికి పిలవకండి.

'కుక్కనిద్ర' తప్పేమీ కాదు. 'కుక్క' తెలుగు మాట. 'నిద్ర' చివరి దీర్ఘం పోగొట్టుకుని తెలుగులో కలిసిపోయిన తత్సమం, అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాట. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సాంస్కృతికం (సంస్కృత పదాలది), ఆచ్ఛికం (తెలుగు పదాలది), మిశ్రం (రెండూ కలిసింది) అని సమాసాలు మూడు రకాలు. ఇది మూడోది. దొంగనిద్ర, మొద్దునిద్ర అని రోజూ అంటున్నాం కదా! 'శ్వానకునుకు' అంటే మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అలా రాయకండి.

కాసేపే పడుకున్నాడని చెప్పాలంటే మనకు 'కోడికునుకు' ఉంది. నిద్ర పట్టీ పట్టనట్టుందంటే 'మాగన్ను'. "ఇప్పుడే మాగన్నుగా కన్నంటుకుంది, అంతలో ఫోన్ మోగింది" అంటాం. మాటిమాటికీ చెడిపోయేది కలత నిద్ర. నిద్రపోతూనే ఇంటి మీద ఒక చెవి వేసి ఉంచే పసిబిడ్డ తల్లికీ, రాత్రి కాపలా మనిషికీ శ్వాననిద్ర అన్న మాట సరిగ్గా అతుకుతుంది.