గ్యాస్ట్రోతో పాటు న్యూట్రిషన్: ఏ డీఎం రాయాలి?

మీరు అనంతపురంలో ఎండీ మెడిసిన్ రెండో ఏడాదిలో ఉన్నారు, గ్యాస్ట్రో (జీర్ణకోశ, కాలేయ వైద్యం), క్లినికల్ న్యూట్రిషన్ (రోగులకు పోషకాహారంతో చేసే వైద్యం) రెండూ కావాలి, ఏ డీఎం రాయాలని అడిగారు. న్యూట్రిషన్‌కు విడి డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) కోసం వెతకొద్దు డాక్టరు గారూ. నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష)లో జనరల్ మెడిసిన్ గ్రూపు రాసి మూడేళ్ల డీఎం గ్యాస్ట్రో, లేదా డీఆర్‌ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే అలాంటి డిగ్రీ) చెయ్యండి. పరీక్షలో ప్రశ్నలు మెడిసిన్‌ నుంచే వస్తాయి, ఎండోస్కోపీ పుస్తకాలు ఇప్పుడే ముందేసుకోకండి.

న్యూట్రిషన్ మాత్రం వార్డులోనే నేర్చుకోవాలి. తాగుడుతో కాలేయం చెడి, పది రోజులుగా ముద్ద ముట్టని మనిషి వచ్చాడనుకోండి. తొలిరోజే గ్లూకోజు ఎక్కించి, ట్యూబులో నిండా ఫీడ్ పోస్తే ఇన్సులిన్ ఎగసి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి పోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వండి. తర్వాత కిలోకు రోజుకు 10 కిలోకేలరీలతో మొదలుపెట్టి, ఆ మూడూ రోజూ చూసుకుంటూ 4–7 రోజుల్లో పెంచండి.

కుదుటపడ్డాక ప్రొటీన్ కిలోకు 1.2–1.5 గ్రాములు. ఎన్సెఫలోపతి (కాలేయం చెడి మెదడు మందగించడం) అని పప్పులాంటి ప్రొటీన్ మాన్పించడం పాత అలవాటు, మీరు చెయ్యకండి. రాత్రి సంగటి తిన్నా సరే, పడుకోబోయే ముందు మళ్లీ రాగిజావో అరటిపండో పడాలి. రాత్రి ఉపవాసం పొడుగైతే తెల్లారేసరికి కండే కరుగుతుంది.